షుగరు సరే, బీపీ ఎంత?

తుళ్లూరు సెంటర్లో టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దవాళ్లని షుగరెంత అని అడగండి, తడుముకోకుండా చెబుతారు. పరగడుపున ఇంత, తిన్నాక ఇంత, మూడు నెలలది ఇంత అని దశాంశాలతో సహా. బీపీ ఎంత అంటే మాత్రం "నార్మలే అన్నారు" అంటారు. ఎవరన్నారో, ఎప్పుడన్నారో గుర్తుండదు.

మా బాబాయీ ఆ బాపతే. సంక్రాంతికి ముందు ఆయనకి షుగరు బయటపడింది. మూడు నెలల సగటు 8.1. మందుల చీటీలో మెట్‌ఫార్మిన్ ఉంటుందని ఆయనకి తెలుసు, ఊళ్లో సగం మంది జేబుల్లో అదే. దాని కింద టెల్మిసార్టాన్ అని ఇంకోటి కనిపించేసరికి నాకు ఫోన్ చేశాడు. "షుగరని వెళితే బీపీ కూడా అంటగట్టారేంట్రా అబ్బాయ్?" ఆ పూట మొదలుపెట్టి ఆయన అడుగుతూ వచ్చినవే ఈ ప్రశ్నలు.

షుగరు వస్తే బీపీ ఎందుకు వస్తుంది?

అంటగట్టడం కాదు బాబాయ్, అవి రెండూ ఒకే గూటివి. ఇన్సులిన్ పని చక్కెరను కండలోకి పంపడమే అనుకుంటాం. కిడ్నీకి కూడా దాని మాట వినబడుతుంది. "ఉప్పు బయటికి పోనివ్వకు" అని చెబుతుంది. టైప్ 2 షుగరులో కండ ఆ మాట వినడం మానేస్తుంది. వినడం లేదు కదా అని క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. చిక్కేమిటంటే, కండకి చెవుడొచ్చింది గానీ కిడ్నీకి రాలేదు. అరిచిన కొద్దీ అది ఉప్పును పట్టి ఉంచుతుంది. ఉప్పు ఉన్నచోట నీరు నిలుస్తుంది. నీరు పెరిగితే గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. కిడ్నీ వడపోతలో జారిపోయిన చక్కెరను మళ్లీ లోపలికి లాక్కునే ద్వారాలు కొన్ని ఉంటాయి. అవి చక్కెరను ఒంటరిగా లాగలేవు, సోడియాన్ని జతచేసుకునే లాగుతాయి. రక్తంలో చక్కెర ఎక్కువైన మనిషిలో ఆ ద్వారాలకు పని ఎక్కువ, దానితోపాటు లోపలికొచ్చే సోడియమూ ఎక్కువే. ఈమధ్య డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని రాస్తున్న షుగరు మాత్రలు ఆ ద్వారాలనే మూస్తాయి. అందుకే వాటితో షుగరుతోపాటు బీపీ కూడా నాలుగైదు పాయింట్లు దిగుతుంది.

ఇక రక్తనాళాలు. నాలుగైదు వేసవులు ఎండలో పడున్న డ్రిప్పు పైపును చేత్తో వంచి చూడండి. మోటారు వెయ్యగానే కొత్త పైపు కాస్త సాగి ఒత్తిడిని తీసుకుంటుంది, బిరుసెక్కిన పైపు తీసుకోదు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉన్న రక్తం పారిన నాళాలు అలాగే బిరుసెక్కుతాయి. దీనికి పొట్ట చుట్టూ కొవ్వు తోడు. ఇవన్నీ ఒక్కచోట చేరడం యాదృచ్ఛికం కాదని అమెరికాలో జెరాల్డ్ రీవెన్ అనే వైద్యుడు 1988లోనే గట్టిగా వాదించాడు. మన దేశం సంగతి చూస్తే, 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో షుగరున్నవాళ్లు 11.4 శాతం, బీపీ ఉన్నవాళ్లు 35.5 శాతం. ఊరంతా షుగరు గురించే మాట్లాడుకుంటుంది గానీ, లెక్కలో పెద్దన్న బీపీయే.

తలనొప్పి లేదు, కళ్లు తిరగవు. మరి నాకెందుకు మాత్ర?

షుగరుకైనా దాహం ఉంటుంది, రాత్రి నాలుగుసార్లు లేవడం ఉంటుంది. బీపీకి ఆ మర్యాద కూడా లేదు. 150 మీద ఏళ్ల తరబడి ఉన్నా మనిషి శుభ్రంగా తిని తిరుగుతాడు. ఈలోగా కిడ్నీ జల్లెడ చిరుగుతుంది, కంటి వెనక సన్న నాళాలు చిట్లుతాయి. షుగరు కూడా పనిచేసేది సరిగ్గా ఆ రెండు చోట్లే. ఒకే గోడను ఇద్దరు రెండువైపుల నుంచి తవ్వినట్టు.

బ్రిటన్‌లో షుగరు మీద ఇరవై ఏళ్లపాటు జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది, యూకేపీడీఎస్ అంటారు. 1998లో దాని ఫలితాలు వచ్చాయి. అందులో షుగరూ బీపీ రెండూ ఉన్న 1,148 మందిని విడదీసి, కొందరికి బీపీని గట్టిగా పట్టారు, కొందరికి కాస్త వదులుగా. చివరికి రెండు గుంపులకీ తేడా ఎంతో తెలుసా? ఒకరి సగటు 144/82, ఇంకొకరిది 154/87. పై అంకెలో పదే పది పాయింట్లు. ఆ పది పాయింట్లకే పక్షవాతాలు 44 శాతం, షుగరు వల్ల వచ్చే మరణాలు 32 శాతం తగ్గాయి. షుగరుతో ముడిపడ్డ అనర్థాలన్నీ కలిపి చూస్తే 24 శాతం తగ్గుదల. అదే అధ్యయనంలో చక్కెరను గట్టిగా పట్టినందుకు దక్కిన తగ్గుదల 12 శాతం. చక్కెరను వదిలెయ్యమని కాదు నేననేది. కొత్తగా షుగరు వచ్చినవాడు గ్లూకోమీటరు కొనే రోజునే బీపీ మిషను కూడా కొనాలి. రెండింట్లో ఒకటే కొనే స్తోమత ఉంటే, ఇన్సులిన్ వాడని మనిషికి నేనైతే బీపీ మిషనే కొనమంటాను.

ఎంత ఉంటే ఉన్నట్టు? ఎంతకి దించాలి?

వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే బీపీ ఉన్నట్టే. షుగరున్నవాళ్లకి దించాల్సింది 130/80 లోపు. ఇంకా కిందికి, 120 లోపుకి దించితే? 2010లో అమెరికా అధ్యయనం ఒకటి అంత లాభం లేదంది, పక్షవాతం మాత్రం తగ్గిందంది. 2024లో చైనా నుంచి దాదాపు 13 వేల మందితో వచ్చిన అధ్యయనం లాభం ఉందని తేల్చింది. వాదన ఇంకా నడుస్తోంది. డెబ్బై దాటి, లేవగానే తూలిపోయే మనిషికి మాత్రం 120 కోసం వెంపర్లాడకూడదు. అక్కడ తుంటి ఎముక విరిగే భయమే పెద్దది.

ఆసుపత్రిలో ఒకటి, ఇంట్లో ఒకటి వస్తోంది. ఏది నిజం?

ఈ ప్రశ్నకి ఫోన్లో జవాబు చెప్పలేక ఒక ఆదివారం తుళ్లూరు వెళ్లాను. నేను వెళ్లేసరికి బాబాయి పెదపరిమి నుంచి బండి మీద అప్పుడే దిగాడు. టీ చేతికిచ్చారు. ఆ టీ తాగుతూనే, చొక్కా చెయ్యి పైకి మడిచి, మిషను తనే కట్టుకున్నాడు. మడిచిన చొక్కా భుజం దగ్గర తాడులా బిగుసుకుపోయింది. చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. కాలు మీద కాలు. పిన్నితో ఎరువు బస్తాల లెక్క మాట్లాడుతున్నాడు. మిషను 158/94 చూపించింది. "చూశావా, మాత్ర వేసుకున్నా ఇంతే" అన్నాడు.

నేను మిషను విప్పించాను. దొడ్లోకి వెళ్లి రమ్మన్నాను, మూత్రం బిగబట్టుకున్నా అంకె పెరుగుతుంది. టీ తాగాడు కాబట్టి అరగంట ఆగాం. వీపు ఆనేలా కుర్చీ వేసి, పాదాలు రెండూ నేల మీద ఆనించి, చొక్కా పూర్తిగా విప్పించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించి, అయిదు నిమిషాలు నోరు మెదపొద్దన్నాను. ఆ అయిదు నిమిషాలే ఆయనకి కష్టమైంది. అప్పుడు వచ్చింది 138/86. నిమిషం ఆగి మళ్లీ చూస్తే 136/84. మనిషి అదే, మిషను అదే, మాత్ర అదే, పై అంకె ఇరవై తగ్గింది.

మొదటిసారి రెండు చేతులకీ చూడాలి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత్తర్వాత చూసుకోవాలి. లావు దండకి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. షుగరున్నవాళ్లకి ఇంకోటి కూడా, లేచి నిలబడ్డాక మళ్లీ చూడాలి. షుగరు నరాలని దెబ్బతీస్తే నిలబడగానే పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువగానీ పడిపోవచ్చు. ఆ సంగతి తెలియకుండా మాత్ర పెంచితే మనిషి బాత్‌రూమ్‌లో పడతాడు.

కారం మానెయ్యమంటావా?

గుంటూరు జిల్లాలో పుట్టి ఆ మాట అననులే. ఎండు మిరపకాయ బీపీని పెంచదు. పెంచేది కారాన్ని అంటిపెట్టుకుని వచ్చే ఉప్పు. పండుమిరపకాయ పచ్చడి తీసుకుందాం, తుళ్లూరు చుట్టుపక్కల మాఘమాసంలో ఏ ఇంట్లో చూసినా రోలు ఎర్రగా ఉంటుంది. కిలో కాయలకి పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు అనేది పిన్ని కొలత. మొత్తం కిలోన్నర, అందులో ఆరో వంతు ఉప్పు. వేడన్నంలో కలుపుకునే ముద్దకి పచ్చడి పెద్ద చెంచాడు, అంటే పదిహేను గ్రాములు అనుకుందాం. రెండున్నర గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు దాటొద్దంటుంది. అంటే మొదటి ముద్దలోనే సగం కోటా అయిపోయింది, ఇంకా పప్పు రాలేదు, పులుసు రాలేదు. మజ్జిగన్నంలో ఊరమిరపకాయలు వేరే.

2017లో వచ్చిన ఒక అధ్యయనంలో మనుషుల 24 గంటల మూత్రం పట్టి లెక్క కడితే, ఆంధ్రాలో సగటున రోజుకి తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పు తింటున్నారని తేలింది. కాబట్టి బాబాయికి నేను చెప్పింది ఇది. పచ్చడి మానకు, రోజూ ఒకే పూట, వేలి కొసంత. అప్పడం, వడియం, ఊరమిరపకాయ పండగలకి. మజ్జిగలో ఉప్పు అసలొద్దు. వేపుడు మీద ఉప్పుకారం చల్లే బదులు ఉత్త కారం, వెల్లుల్లి చల్లమన్నాను. పదిహేను రోజులు చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక సర్దుకుంటుంది.

సైంధవ లవణం వాడితే బీపీ రాదంటున్నారే అని పిన్ని మధ్యలో అడిగింది. రంగు మారుతుంది, ధర మారుతుంది, సోడియం మారదు. దుకాణంలో సోడియం తగ్గించిన ఉప్పు అని ఇంకోటి అమ్ముతారు, అది వేరే సంగతి. దానిలో పొటాషియం ఉంటుంది. బీపీకి మంచిదే గానీ, కిడ్నీ బాగాలేనివాళ్లకీ, టెల్మిసార్టాన్ వంటివి వాడేవాళ్లకీ డాక్టర్నడక్కుండా వాడితే ప్రమాదం.

పొలం ఉన్నప్పుడు ఏ జబ్బూ లేదు. ఇప్పుడెందుకు?

ఈ మాట తుళ్లూరులో ఆయనొక్కడే అనడు. 2015లో అమరావతి రాజధాని కోసం 29 గ్రామాల్లో రైతులు 33 వేల ఎకరాలకి పైగా భూసమీకరణలో ఇచ్చారు. మెట్ట ఎకరాకి ఏటా 30 వేలు, నీటి వసతి ఉన్న జరీబుకి 50 వేలు మొదలుగా పదేళ్లు కౌలు అన్నారు. కౌలు బ్యాంకులో పడుతూ వచ్చింది, పత్తి తీసే పని లేదు, మిరప కల్లం కాసే పని లేదు. పొద్దున్నే చేలోకి నడిచి, గట్ల మీద తిరిగి, మందు కొట్టి వచ్చే కాళ్లు ఇప్పుడు బండి స్టాండు వెయ్యడానికే దిగుతున్నాయి. తిండి మాత్రం చేలో పనిచేసేవాడి తిండే. 2019 డిసెంబరులో రాజధానిని మూడుచోట్లకి పంచుతామని ప్రభుత్వం మాట మార్చాక ఏళ్ల తరబడి నిరసన శిబిరాల్లో కూర్చున్న రోజులు, నిద్రపట్టని రాత్రులు ఉండనే ఉన్నాయి. టెన్షను వల్లే బీపీ వచ్చిందని బాబాయి అంటాడు. టెన్షను ఆ పూటకి అంకెని ఎగదోస్తుంది, నిజమే. కానీ ఆ రోజుల్లో పెరిగిన సిగరెట్లు, తగ్గిన నడక, పెరిగిన ఆరు కిలోలు అంతకన్నా గట్టి సాక్షులు. కిలో తగ్గితే సుమారుగా ఒక పాయింటు దిగుతుంది. రోజుకి అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు చెమట పట్టేలా నడిస్తే మరికొన్ని. రాజధాని రోడ్లు నడవడానికి బాగానే ఉన్నాయి, ఆ ఉపయోగమైనా పొందొచ్చు.

ఈ మాత్రే ఎందుకు? ఒకసారి మొదలుపెడితే ఇక చచ్చేదాకా వాడాలటగా?

టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒకే తోవలో పనిచేస్తాయి. నాళాలు బిగిసేలా చేసే రసాయనం పనిని ఆపుతాయి, కిడ్నీ జల్లెడ మీద ఒత్తిడి తగ్గిస్తాయి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్న షుగరు రోగికి అందుకే ముందు ఇవి రాస్తారు. ఈ తోవ దొరికింది పాము దగ్గర. బ్రెజిల్‌లో జరరాకా అనే పాము కరిస్తే బీపీ ధబాలున పడిపోతుంది. ఆ విషం మీద చేసిన పరిశోధనల నుంచే క్యాప్టోప్రిల్ పుట్టింది, 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇందాక చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో వాడిన మాత్రల్లో అదొకటి. కాయ కోతల్లో రక్తపింజరిని చూసి పరుగెత్తిన బాబాయికి ఈ కథ బాగా నచ్చింది.

"ప్రిల్" మాత్రలతో కొందరికి పొడి దగ్గు వస్తుంది, "సార్టాన్"తో అరుదు. ఇంకో రకం బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాయొచ్చు. కడుపుతో ఉన్నవాళ్లు ప్రిల్, సార్టాన్ రెండూ వాడకూడదు. మొదలుపెట్టిన కొన్ని వారాలకి క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి. వీటన్నిటికన్నా నాకు భయం మోకాళ్ల నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్. అది బీపీని పెంచుతుంది, ఈ మాత్రలతో కలిసి కిడ్నీని ఎండగడుతుంది. నొప్పులకని వేయించుకునే సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే షుగరూ బీపీ రెండూ ఎగబాకుతాయి. వేసవిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఈ మాత్రలు కొనసాగించాలా ఆపాలా అని డాక్టర్ని వెంటనే అడగాలి.

జీవితాంతమా అంటే, చాలామందికి అంతే. బ్రిటన్ అధ్యయనం ముగిశాక వాళ్లని ఇంకో పదేళ్లు గమనించారు. చక్కెరను మొదట్లో గట్టిగా పట్టినవాళ్లకి ఆ లాభం తర్వాత కూడా మిగిలింది. బీపీలో మాత్రం, రెండు గుంపుల అంకెలూ ఒక్కటయ్యాక, ముందు దక్కిన లాభం కరిగిపోయింది. 2008లో అచ్చయింది ఆ సంగతి. "నార్మల్ వచ్చింది, ఆపేశా" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్. బరువు, ఉప్పు బాగా తగ్గితే డాక్టరే డోసు తగ్గిస్తాడు.

ఎప్పుడు పరుగెత్తాలి?

180/120 దాటి, దానితో ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, వీటిలో ఏదున్నా 108. అంకె ఎంతున్నా సరే, ఆ లక్షణాలుంటే 108. నాలుక కింద మాత్ర చిదిమి పెట్టి బీపీని ఒక్కసారిగా దించొద్దు, మెదడుకి రక్తం అందక పక్షవాతం రావొచ్చు. ఏ బాధా లేకుండా ఊరికే అంకె ఎక్కువొస్తే, కూర్చుని, అయిదు నిమిషాలాగి మళ్లీ చూడండి.

ఇక ఏడాదికోసారి కంటి వెనక పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, పాదాలు, కొలెస్టరాలు. టైప్ 2 బయటపడిన రోజుకే లోపల ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది కాబట్టి మొదటి పరీక్ష ఇప్పుడే కావాలి. మంగళగిరి ఎయిమ్స్ దగ్గరే, గుంటూరు పెద్దాసుపత్రి ఉండనే ఉంది.

విత్తనాల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు మీద బాబాయి ఇప్పుడు రోజూ రెండు అంకెలు రాస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి 128/78 అని చదివి వినిపించాడు. మిషను ఇంట్లో ఉంది కదా అని అదే చేత్తో పిన్నికి కూడా కట్టాడట. ఆవిడకి షుగరు లేదు, ఏ మాత్రా లేదు, యాభై మూడేళ్లలో ఒక్కసారైనా ఎవరైనా చూశారో లేదో ఆవిడకే గుర్తులేదు. 156/92. చొక్కా మడిచి కట్టావా అని అడిగాను. "జాకెట్టు చెయ్యి వదులే, అయిదు నిమిషాలు మాట్లాడనివ్వలేదు, మూడు రోజులు వరసగా చూశా" అన్నాడు. సోమవారం ఇద్దరూ వెళ్తున్నారు.