వెన్న తీసి నీళ్లు పోస్తే

పుంగనూరు దగ్గరి పల్లెలో పాల కేంద్రంలో పాలు పరీక్ష చేయడం నా పని. తెల్లారకముందే క్యాన్లతో, తపేలాలతో వరస కడతారు. ఒక్కొక్కరి పాలు కొంచెం పొడుగు జాడీలో పోసి లాక్టోమీటర్ వదులుతాను. పాలు చిక్కగా ఉంటే తేలుతుంది, పలచనైతే మునుగుతుంది. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు ఆవుపాలు సుమారు 1,028 గ్రాములు తూగుతాయి. ఆ చివరి 28నే గీతల మీద చదువుతాం.

ఒకరోజు ఓ అవ్వ పాలకు 26 వచ్చింది. "నా చేత్తో పిండి నేరుగా తెచ్చినానమ్మా, నీళ్లెక్కడివి?" అని గొడవకు దిగింది. అవ్వ చెప్పింది నిజమే. పొదుగు వేడి తగ్గని పాలు పలచనగా ఉంటాయి, లాక్టోమీటర్ ఎక్కువ మునుగుతుంది. మా దగ్గరున్నది 27 డిగ్రీలకు గీతలు పెట్టింది. అంతకు మించిన ప్రతి డిగ్రీకి 0.2 కలపాలి. థర్మామీటర్ పెడితే 35 ఉంది. ఎనిమిది డిగ్రీలకు 1.6 కలిపితే 27.6. అవ్వ శాంతించింది.

అసలు చిక్కు వేరే ఉంది. వెన్న నీళ్లకన్నా తేలిక. అది తీసేస్తే మిగిలిన పాలు బరువెక్కి 35 దాకా చూపిస్తాయి. అలాంటి పాలు ఎనిమిది లీటర్లలో రెండు లీటర్ల నీళ్లు పోయండి, మళ్లీ సరిగ్గా 28. లాక్టోమీటర్‌కు ఆ పాలు నిక్షేపంలా ఉన్నట్టే! ఈ లెక్క కాగితం మీద వెయ్యలేనివాళ్లకు కూడా చేతుల్లో ఉంటుందని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

అందుకే వెన్న శాతం విడిగా చూడాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన గెర్బర్ 1891లో కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ ప్రమాణం. మెడమీద గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 పాలు, 1 అమైల్ ఆల్కహాల్. ఆమ్లం మాంసకృత్తులను కరిగించేస్తుంది. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, గుడ్డ చుట్టి పట్టుకుంటాం. తర్వాత యంత్రంలో వేసి గిర్రున తిప్పితే, కిందంతా గోధుమరంగు, పైన పసుపు గీతగా వెన్న. ఈమధ్య మీట నొక్కితే అంకెలు చూపించే యంత్రాలు వచ్చాయి. వాటిమీద అనుమానం వస్తే మాత్రం తిరిగి గొట్టమే దిక్కు.

లాక్టోమీటర్ అంకెలో నాలుగో వంతు, వెన్న శాతంలో ఐదో వంతు, ఆపైన మా చార్టు ప్రకారం 0.36. మూడూ కలిపితే వెన్న కాని ఘనపదార్థం, మా భాషలో ఎస్‌ఎన్‌ఎఫ్. 28, 4 ఉన్న పాలకు 7, 0.8, 0.36 కలిసి 8.16. రైతుకు ధర కట్టేది వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ ఈ రెండు అంకెల మీదే.

మా ఊరి పేరు మోసిన పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు దాటదు, పాలూ తక్కువే. వెన్న మాత్రం 8 శాతం దాకా ఉంటుందంటారు. కేంద్రానికి వచ్చేవి ఎక్కువగా సంకరజాతి ఆవుల పాలే కాబట్టి, గొట్టంలో అంత పొడుగు పసుపు గీత చూసే భాగ్యం అరుదు.

కుప్పం వైపు మా మేనత్త వాళ్లు పట్టుపురుగులు పెంచుతారు. అక్కడా మోసపోవడానికి దారి బరువే. గూడు తూకంలో ఎక్కువ భాగం లోపలి పురుగుది, పట్టు కాదు. అందుకని కొన్ని గూళ్లు కోసి, పురుగు తీసేసి, పొరను విడిగా తూచి శాతం కడతారు. కిలో పట్టుకు ఎన్ని కిలోల గూళ్లు పడతాయో ఆ లెక్కను రెండిట్టా అంటారు. అది ఏడు అయితే ఒక ధర, తొమ్మిది అయితే ఇంకో ధర. షెడ్డులో తేమ తప్పితే పొర పలచబడుతుంది. అత్త గోడకు పక్కపక్కనే రెండు థర్మామీటర్లు వేలాడదీసి, ఒకదాని కొసకు తడిగుడ్డ చుడుతుంది. రెండింటి తేడాను బట్టి గాలిలో తేమ చెప్పేస్తుంది.

మదనపల్లె టమోటా మండీలో మాత్రం నాకు తృప్తి లేదు. కాయలో 94 శాతం దాకా నీళ్లే, కానీ క్రేటుకు ఉన్నది తూకం, ఆపైన వ్యాపారి కన్ను. కన్ను తక్కువదేం కాదు. ఏ దోరకాయ ఢిల్లీ దాకా తట్టుకుంటుందో, ఏ పండు ఈ రాత్రికే చెన్నై చేరాలో చూపుతోనే తేల్చేస్తుంది. కోశాక కూడా కాయ ఇథిలీన్ వదులుతూ పండుతూనే ఉంటుంది, దారి ఎంత పొడుగో అంత పచ్చిగా ఎక్కించాలి. అయినా రెండో కొలత లేదు. గుజ్జు ఫ్యాక్టరీల్లో చుక్క రసం అద్దం మీద వేసి, కాంతి ఎంత వంగిందో చూసి, బ్రిక్స్ చెబుతారు. నీళ్లు పోగా కాయ రసంలో ఎంతుందో దాంతో తెలిసిపోతుంది. మండీలోనూ అది పెట్టొచ్చు కదా అని టమోటా వేసే మా బావను అడిగాను.

"నువ్వు చుక్క పిండేలోపు వేలం అయిపోయి లారీ కదుల్తుంది. పైగా ఆ అంకె తక్కువొస్తే ధర తగ్గిస్తారు గానీ, ఎక్కువొస్తే పెంచుతారా?" అన్నాడు.