ముంపు ఊరి మ్యూజియంలో మాటకు చోటెక్కడ?

శ్రీరాంసాగర్ కింద మునిగిన ఊళ్లకు ఒక స్మారక మ్యూజియం కడితే దాంట్లో ఏం పెట్టాలె? నాగలి, మోట, గుడి విగ్రహం, పాత ఫొటోలు అంటరు. ఉండాల్సిందే. నాకు మాత్రం మొదటి గది ఆ ఊళ్ల మాటకే ఇయ్యాలనిపిస్తది.

ఇసొంటి పని మన తెలుగునాట ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ నాగార్జునకొండ లోయంతా తవ్వించింది. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపు దగ్గరికి మార్చి మళ్లీ కట్టిన్రు. దీవిగా మారిన కొండ మీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనా కూడా ఉంది. గొప్ప పనే. కానీ అక్కడి శాసనాలు ఇక్ష్వాకుల కాలపు ప్రాకృతం. నీళ్లొచ్చేనాటికి లోయలో బతుకుతున్నోళ్లు తమ వాగులను, చేన్లను ఏమని పిలిచిన్రో ఆ రాళ్లు చెప్పవు.

శ్రీరాంసాగర్ మనకు దగ్గరి సంగతి. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ గారు పునాదిరాయి వేసిన్రు. నిండు మట్టం 1091 అడుగులు. ఆ నీళ్లు ఎగువకు మన నాందేడ్ జిల్లా దాకా వస్తయి. బాభళీ బ్యారేజీ తగాదా సుప్రీంకోర్టుకు ఎక్కి, 2013లో తీర్పు వచ్చింది కూడా ఈ నీళ్ల మీదనే.

అక్కడి మాటకు జిల్లా పేరు తగిలిస్తే తప్పయితది. 1956ల బోథ్ తాలూకాలోని మన ఇస్లాపూర్ సర్కిల్, కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి ఇటు వచ్చినయి. ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా నుంచి అటు పోయినయి. గీత జరిగింది గని ఇండ్లల్ల మాట జరగలే. గోదావరిని ఆ ఒడ్డు పొడుగునా గంగనే అంటరు. గంగకు పోయి తానం చేసొచ్చిన అంటే కాశీకి పోయినట్టు కాదు! ఊరు కూర్చున్న జాగను తెలుగుల గ్రామకంఠం, ఉర్దూల ఆబాది, మరాఠీల గావ్‌ఠాణ్ అంటరు. మోట మాత్రం తెలుగుకూ మరాఠీకీ ఒక్కటే. అందుకని మ్యూజియంల రాతలు రెండు లిపులల్ల ఉండాలె.

నేను బ్యాంకుల పంట లోన్లు చూసినోణ్ని. కాగితం మీద పొలమంటే మాకు సర్వే నంబరే. రైతు నోట్లె అది మర్రికింది చెల్క, వాగొడ్డు రేగడి. పరిహారం లెక్కకు నంబరు సాలు, పేరు అక్కరలేదు. కనుక గది నేల మీద ఊరి నక్షా పెద్దగా గీయించి, ప్రతి చేను మీద దాని ఇంటి పేరు రాయాలె. పక్కనే మీట నొక్కితే ముసలోళ్ల గొంతు వినిపియ్యాలె.

దీనికి పెద్ద బిల్డింగ్ అక్కరలేదు. అమెరికాల క్వాబిన్ జలాశయం కోసం 1938ల నాలుగు ఊళ్లను రద్దు చేసిన్రు. అక్కడ స్విఫ్ట్ రివర్ వ్యాలీ చరిత్ర సంఘం పాత ఇంట్లో, ముంపు ఊరి నుంచి తెచ్చి నిలబెట్టిన చర్చిలో మ్యూజియం నడుపుతున్నది. మనకు పునరావాస గ్రామంల ఒక పంచాయతీ గది దొరికినా సాలు.

ఆలస్యం మాత్రం పనికిరాదు. ఊరు విడిచినప్పుడు ఇరవై ఏండ్లున్నోళ్లు ఇప్పుడు డెబ్బై దాటిన్రు. దిగువ పైనగంగ ప్రాజెక్టు వద్దని మన కిన్వట్, మాహూర్ దిక్కు ఊళ్లు ఏండ్లుగా కొట్లాడుతున్నయి. ఆ ఊళ్ల మాటలు ఇప్పుడే రాసుకుంటే డ్యాంకు ఒప్పుకున్నట్టు కాదు. ముందు చేన్ల పేర్లు, తర్వాత బాయిల పేర్లు ఫోన్ల రికార్డు చేయండి. చెప్పినోళ్ల ఊరు, వయసు, ఇంట్లె ఏ భాష మాట్లాడుతరో పక్కనే రాసిపెట్టండి.