వరుసగా చెడిపోవు హార్డుడిస్కులు : కారణములు, జాగ్రత్తలు

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి పెక్కు ఇండ్లలో నేడు పాత కంప్యూటరు ఒకటి కానవచ్చును. కొందరు బెంగుళూరు ఎస్.పి. రోడ్డునుండి వాడినదానినే కొని తెత్తురు. కొందరు కార్యాలయములవారు తీసివేసినదానిని చౌకగా సంపాదింతురు. పిల్లల చదువునకు అవి చాలును. కాని అట్టి యంత్రములకు ఒక జబ్బు కలదు. హార్డుడిస్కు చెడిపోవును, క్రొత్తది వేయింతురు, కొన్ని నెలలకే అదియు చెడును. మూడవసారి, “ఈ డిస్కులన్నియు నాసిరకములే” యని నిందించి ఊరకుందురు. ఒక డిస్కు చెడినచో తప్పు డిస్కుదే కావచ్చును. వరుసగా రెండు మూడు చెడినపుడు మాత్రము, వానికి అన్నము పెట్టు చేతిని, అనగా విద్యుత్తు నందించు భాగమును, మొదట పరీక్షింపవలెను.

ఈ విషయమును పాఠశాల సంచికలో వ్రాయుటకు కారణము కలదు. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టము వచ్చి, తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది. అప్పటినుండి ఇంటివద్ద తెలుగు చదివించు బాధ్యత తల్లిదండ్రులపై అధికమైనది. మన బిడ్డలకు కావలసిన తెలుగు అభ్యాసపత్రములు, కథలు ఇచ్చటి అంగళ్లలో సులభముగ దొరకవు. ఉపాధ్యాయులును, పెద్దలును స్వయముగ టైపుచేసి దాచినవే మనకు ఆధారము. అవ్వలు పాడిన పాటల రికార్డులును అట్టివే. డిస్కు పోయిన మరియొకటి కొనవచ్చును. అందలి వానిని కొనలేము.

హార్డుడిస్కు ఎట్లు పనిచేయునో కొంత తెలిసికొందము. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి డిస్కు యంత్రమును ప్రకటించెను. అందు 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అన్నింటిలో కలిపి 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేటి డిస్కు అరచేతిలో ఇముడును. పనిచేయు విధము మాత్రము అదియే. అయస్కాంతపు పూతగల పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 పర్యాయములు తిరుగును. అక్షరములను చదువుచు వ్రాయుచునుండు హెడ్డు పళ్లెమును తాకదు; వెండ్రుక మందములో వేయవవంతు కంటెను తక్కువ ఎడముతో పైన తేలుచుండును. ఇంత సున్నితమైన దానికి నిలుకడగల విద్యుత్తును, కుదుపులేని చోటును కావలెను.

మొదటి కారణము ఎస్.ఎం.పి.ఎస్. అను పెట్టె. ఇది గోడనుండి వచ్చు 230 వోల్టులను తగ్గించి, డిస్కు మోటారునకు 12 వోల్టులును, ఎలక్ట్రానిక్ భాగములకు 5 వోల్టులును ఇచ్చును. నూటికి 5 వంతులకు మించి హెచ్చుతగ్గులు ఉండరాదు. అనగా 12 వోల్టుల తీగలో 11.4 మొదలు 12.6 వరకును, 5 వోల్టుల తీగలో 4.75 మొదలు 5.25 వరకును ఉండవచ్చును. పెట్టె పాతదైన కొలది లోపలి కెపాసిటర్లు ఉబ్బి, ఎండిపోయి, విద్యుత్తు నిలుకడ తప్పును. మెకానిక్కుచేత యంత్రము నడచుచుండగా మల్టీమీటరుతో చూపింపవలెను. క్షణకాలపు ఒడుదుడుకులు మల్టీమీటరునకు అందవు. కావున అనుమానము తీరనిచో మంచి పెట్టెనొకదానిని బదులుగా పెట్టి చూచుట ఉత్తమము. ఆ పెట్టెను ఇంటివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను లోపల విద్యుత్తు నిలిచియుండును.

రెండవది ఆకస్మికముగ కరెంటు పోవుట. వేసవి గాలివానలలో ఇది మనకు పరిపాటి. వ్రాయుచున్న సమయమున కరెంటు పోయిన, ఆ భాగము పాడగును. స్టెబిలైజరు దీనిని ఆపలేదు, యు.పి.ఎస్. కావలెను. దాని బ్యాటరీ పాతబడినచో అదియు నామమాత్రమే. ప్లగ్గునకు ఎర్తు సరిగా ఉన్నదా యని ఎలక్ట్రీషియనుచేత చూపింపవలెను.

మూడవది కేబులు. దీనివలన బాగున్న డిస్కు సయితము చెడినట్లు కనబడును. ప్రతి డిస్కును తన ఆరోగ్యమును ‘స్మార్ట్’ అను పట్టికలో తానే వ్రాసికొనుచుండును. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అను ఉచిత ప్రోగ్రాము దానిని చూపును. అందు 05, సి5 అను వరుసల అంకెలు పెరుగుచున్నచో పళ్లెములు పాడగుచున్నవని అర్థము. సి7 మాత్రమే పెరుగుచున్నచో సాధారణముగ దోషము కేబులుదే. స్వల్ప వ్యయముతో తీరును. పైభాగమున డిస్కు ఎన్ని గంటలు నడచినదో కనబడును. క్రొత్తదని కొన్న డిస్కు అప్పటికే వేలకొలది గంటలు నడచియున్నచో, మూడవ డిస్కు ఏల చెడినదో వేరుగా వెదుకనక్కరలేదు.

నాలుగవది వేడి, దుమ్ము, కుదుపు. ఫ్యాను తిరుగుచున్నదా, డిస్కు స్క్రూలు బిగిసియున్నవా యని చూడవలెను. పెట్టెను పిల్లల కాళ్లు తగులు చోట నేలపై ఉంచరాదు. కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. కుదుపునకు ఓర్చును గాని, చెడిన ఎస్.ఎం.పి.ఎస్. దానిని కూడ విడువదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను డిస్కు ముందు చెప్పకయే పోవచ్చును. 2007లో గూగుల్ సంస్థవారు లక్షకు మించిన డిస్కులను పరిశీలించి ఒక నివేదిక ప్రకటించిరి. చెడినవానిలో సగముకంటె ఎక్కువ డిస్కులలో, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనలలో ఒక్కటియు ముందుగా కనబడలేదు. కావున టకటక శబ్దము వినబడినంతనే యంత్రమును ఆపి, మాటిమాటికి ఆన్ చేయక, తెలిసినవారికి చూపవలెను. డిస్కు ఇంకను తెరచుకొనుచున్నచో మొదట ప్రతులు తీసి, పిదప మరమ్మతు తలపెట్టవలెను.

ముఖ్యమైన వానికి మూడు ప్రతులుండుట క్షేమము: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి బంధువుల యింట. అను ఫాంట్లతో టైపుచేసిన పాత తెలుగు ఫైళ్లు ఆ ఫాంటు లేని యంత్రములో పిచ్చిగీతలవలె కనబడును. వానికి పి.డి.ఎఫ్. ప్రతిని కూడ తీయవలెను. వీలైనచో యూనికోడునకు మార్చుట మేలు.

రాబోవు వేసవి సెలవులలో ప్రతి యింటివారును ఒక పూట ఈ పనికి కేటాయించి, తమ యింటి తెలుగు వ్రాతలకు, పాటలకు ప్రతులు తీసి భద్రపరతురుగాక.