కంప్యూటర్ చిట్టా చెడిందా? చెరిపేయకండి!

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే ముందు పోయేది కరెంటే. ఆలేరులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఆడపడుచులకు ఈ బాధ కొత్తేం కాదు. కరెంటు వచ్చాక కంప్యూటర్ తెరిస్తే, లాగ్ ఫైల్ పాడైందంటూ ఇంగ్లీషులో ఓ హెచ్చరిక! ఎదురుగా నిలబడ్డ రైతు, "నా కాయితం పోయిందా అక్కా?" అంటాడు.

కంగారు పడకండి. సిస్టమ్ లాగ్ అంటే కంప్యూటర్ తన గురించి తాను రాసుకునే చిట్టా. ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆగింది, ఏ భాగం మొరాయించిందీ అందులో ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు చెడొచ్చు. మీరు సేవ్ చేసిన దరఖాస్తులు, ఫోటోలు వేరే ఫైళ్లలో ఉంటాయి.

ముందు కాపీ

చాలామంది చేసే పని, పాడైన లాగ్‌ను వెంటనే తుడిచేయడం. మగ్గం మీద పోగు తెగితే చీరంతా కోసేస్తామా? ఇదీ అంతే. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, విన్‌ఈవీటీ, లాగ్స్ అనే ఫోల్డర్లు వరుసగా తెరిచి, అక్కడి ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే 'ఈవెంట్ వ్యూయర్'లో సిస్టమ్ లాగ్ మీద రైట్ క్లిక్ కొట్టి 'క్లియర్ లాగ్' నొక్కండి. కొత్త చిట్టా మొదలవుతుంది. అప్పటికీ మాట వినకపోతే మెకానిక్‌ను పిలవడమే మేలు. లినక్స్ అయితే చెడిన జర్నల్ ఫైలును తనే పక్కన పెట్టి, కొత్తది మొదలుపెడుతుంది.

కారణం వెతకండి

లాగ్‌లో 41, 6008 నంబర్లు కనిపిస్తే కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని అర్థం. ఇవి తరచూ వస్తూ, కారణం కరెంటు కోతే అయితే యూపీఎస్ బ్యాటరీ చూపించండి. కరెంటు పోకపోయినా ఫైళ్లు చెడుతుంటే హార్డ్‌డిస్క్‌ను అనుమానించాలి. ముఖ్యమైనవన్నీ వేరేచోట దాచాకే 'చెక్ డిస్క్' నడపండి.

ఇవి మరవద్దు

ఎవరో కంప్యూటర్‌లోకి చొరబడ్డారనో, ఖాతాలో డబ్బు పోయిందనో అనుమానముంటే లాగ్‌ను అసలు తుడవకండి. అదే మీ సాక్ష్యం. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి. సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది కూడా.

దరఖాస్తు చేరిందో లేదో మాత్రం ఈ చిట్టా చెప్పదు. అందుకే రసీదు నంబరు ఓ నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. కరెంటు పోయినా ఆ పుస్తకం చెడదు కదా!