వేగం పెంచితే బోర్డు తట్టుకుంటుందా? ఈఎంఎంసీ పరీక్షల్లో ఏం చూడాలి?

ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే కంట్రోలర్, దుకాణంలో బిల్లులు కొట్టే మెషీన్, రోడ్డు పక్క ప్రకటనల తెర... ఇలాంటి వాటిలో చాలా వరకు లోపల అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్, డేటా తరచూ ఆ బోర్డు మీదున్న ఈఎంఎంసీ అనే ఫ్లాష్ చిప్‌లోనే ఉంటాయి.

ఒకే చిప్ సెకనుకు 52 మెగాబైట్ల వేగంతోనూ, 400 మెగాబైట్ల వేగంతోనూ పనిచేయగలదు. ఏ వేగంతో నడవాలన్నది సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు లైన్ల సెట్టింగ్. పరీక్షించకుండా ఆ లైన్లు మారిస్తే, ల్యాబ్‌లో బాగా నడిచిన బోర్డు ఊరవతల స్తంభం మీద మొరాయించవచ్చు.

ఏమిటీ మోడ్‌లు?

ఈఎంఎంసీ ప్రమాణాలను జెడెక్ సంస్థ రూపొందిస్తుంది. ప్రాసెసర్‌కు, చిప్‌కు మధ్య డేటా కోసం 8 లైన్లు ఉంటాయి. ‘హైస్పీడ్’ మోడ్‌లో క్లాక్ 52 మెగాహెర్ట్జ్. క్లాక్‌కు ఒక బైట్ చొప్పున గరిష్ఠ వేగం సెకనుకు 52 మెగాబైట్లు. డీడీఆర్ మోడ్‌లో క్లాక్ లేచేటప్పుడు ఒకసారి, పడేటప్పుడు ఒకసారి డేటా వెళ్తుంది కాబట్టి 104 మెగాబైట్లు.

హెచ్‌ఎస్‌200లో క్లాక్‌ను 200 మెగాహెర్ట్జ్‌కు పెంచారు. వేగం 200 మెగాబైట్లు. హెచ్‌ఎస్‌400లో అదే క్లాక్‌కు డీడీఆర్ పద్ధతిని జోడించారు. వేగం 400 మెగాబైట్లు.

లెక్క ప్రకారం 4 గిగాబైట్లు చదవడానికి హైస్పీడ్‌లో 77 సెకన్లు పడితే, హెచ్‌ఎస్‌400లో 10 సెకన్లు చాలు. అయితే ఇది లైన్ల సామర్థ్యం మాత్రమే. లోపలి ఫ్లాష్ అంత వేగంగా ఇవ్వలేకపోతే లాభం తగ్గుతుంది. చిన్న చిన్న ఫైళ్లు రాసేటప్పుడు తేడా పెద్దగా కనిపించకపోవచ్చు.

ఇబ్బంది ఎక్కడ?

హెచ్‌ఎస్‌400లో ఒక్కో బిట్‌కు దక్కే సమయం 2.5 నానోసెకన్లు. సిగ్నల్ వోల్టేజీ కూడా 3.3 నుంచి 1.8 లేదా 1.2 వోల్టులకు తగ్గాలి. బోర్డు మీద లైన్ల పొడవులు సరిపోలకపోయినా, విద్యుత్ సరఫరాలో ఒడిదొడుకులున్నా బిట్లను తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

అందుకే హెచ్‌ఎస్‌200లో ‘ట్యూనింగ్’ ఉంటుంది. చిప్ ముందే తెలిసిన ఒక నమూనా డేటాను పంపుతుంది. ఏ క్షణంలో చదివితే అది సరిగా వస్తోందో ప్రాసెసర్ వైపు కంట్రోలర్ వెతుక్కుంటుంది. హెచ్‌ఎస్‌400లో డేటాతోపాటు చిప్ ‘స్ట్రోబ్’ అనే ప్రత్యేక సిగ్నల్‌ను కూడా పంపుతుంది.

తప్పులను సీఆర్‌సీ తనిఖీ పట్టుకుంటుంది, ఆ డేటాను మళ్లీ తెప్పించుకుంటారు. కాబట్టి మొదట కనిపించేది నెమ్మదితనమే. తప్పులు పెరిగితే ఫైల్ సిస్టమ్ దెబ్బతినవచ్చు, బోర్డు బూట్ కాకపోవచ్చు.

ఇది ఊహ కాదు. కొన్ని ఈఎంఎంసీ మాడ్యూళ్లతో లోపాలు వస్తుండటంతో, రాక్ పై 4 బోర్డుకు లైనక్స్ కెర్నల్‌లో 2023లో హెచ్‌ఎస్‌400ను తీసేసి హెచ్‌ఎస్‌200కు తగ్గించారు.

పరీక్ష ఎలా?

మొదట, బోర్డు నిజంగా ఏ మోడ్‌లో ఉందో చూడాలి. సెట్టింగ్ రాసినంత మాత్రాన సరిపోదు. చిప్‌కు గానీ కంట్రోలర్‌కు గానీ ఆ మోడ్ లేకపోతే లైనక్స్ చప్పుడు చేయకుండా తక్కువ మోడ్‌లో నడుస్తుంది. కెర్నల్ డీబగ్ ఫైళ్లలో క్లాక్, వోల్టేజీ, మోడ్ వివరాలు కనిపిస్తాయి.

రెండోది, వేగం కొలిచేటప్పుడు ర్యామ్ కాష్‌ను పక్కన పెట్టాలి. లేదంటే చిప్ వేగానికి బదులు ర్యామ్ వేగం కనిపిస్తుంది.

మూడోది, పెద్ద ఫైల్ రాసి, తిరిగి చదివి చెక్‌సమ్ పోల్చాలి. గంటల తరబడి ఇలా చేస్తూ కెర్నల్ లాగ్‌లో సీఆర్‌సీ లోపాలు వస్తున్నాయేమో గమనించాలి.

నాలుగోది వేడి. ఉష్ణోగ్రత మారితే ట్యూనింగ్‌లో దొరికిన సరైన క్షణం పక్కకు జరుగుతుంది. ఏసీ గదిలో పాసైన బోర్డు, రామగుండం లాంటి చోట మే నెల ఎండలో మూసిన పెట్టెలో ఉంటే పరిస్థితి వేరు. ఆ వేడిలోనే పరీక్షించాలి. పదే పదే ఆపి, ఆన్ చేసి కూడా చూడాలి.

ఒక్క బోర్డు పాసైతే చాలదు, కొన్నింటిని పరీక్షించాలి. చిప్ తయారీదారు మారితే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. లోపాలు వస్తూనే ఉంటే హెచ్‌ఎస్‌200కు దిగడమే మేలు. బూట్ కావడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పట్టినా, బోర్డు మార్చడానికి మనిషిని అంత దూరం పంపే ఖర్చు తప్పుతుంది.