కోటిలింగాల నాణేలు – భేద పరిశీలన

పాత నాణేలను సేకరించేవారు అనేకులు; వాటిలోని భేదాలను గుర్తించగలవారు కొందరే. చూపునకు ఒకే విధంగా తోచే రెండు నాణేలలో ఒక్క అక్షరం మారినా, ఒక్క గుర్తు తప్పినా, ఆ భేదం వెనుక చరిత్ర దాగి ఉండవచ్చును. ఈ సత్యాన్ని చాటిన స్థలం గోదావరీ తీరాన పెద్దవాగు సంగమం వద్ద నెలకొన్న కోటిలింగాల. పూర్వం కరీంనగర్ జిల్లాకు చెందిన ఈ గ్రామం 2016లో జగిత్యాల జిల్లాలో చేరినది.

ఇక్కడ లభించిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ సేకరించగా, శాసన పరిశోధకులు డా. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించారు. అనంతరం పురావస్తు శాఖ డా. వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పాలకుల పేర్లు ఈ నాణేల వల్లనే తెలిశాయి. పురాణాలు శాతవాహన వంశ మూలపురుషునిగా పేర్కొన్న సిముకుని పేరు కూడా 'చిముక' అనే రూపంలో వీటిపై కనిపించింది. శాతవాహనుల తొలి నివాసం ఉత్తర తెలంగాణమే అనే వాదానికి ఇది బలం చేకూర్చింది.

మరి భేదాన్ని గుర్తించడమెట్లు? ఆ కాలంలో అచ్చులను చేతితోనే చెక్కేవారు. కనుక ఏ రెండు అచ్చులూ సంపూర్ణంగా ఒకటి కావు. అచ్చు పక్కకు జరిగితే కొన్ని అక్షరాలు నాణెం అంచు దాటిపోతాయి. ఒకదానిలో లోపించిన అక్షరం మరొకదానిలో నిలిచి ఉంటుంది. అందుచేత పలు నాణేలను పక్కపక్కన ఉంచి చదివితేనే పేరు పూర్తిగా తేలుతుంది. ఒకే మార్పు అనేక నాణేలలో పునరావృతమైతే అది వేరొక అచ్చుకు గుర్తు. ఒక్కదానిలోనే కనిపిస్తే అది అరుగుదలో, దెబ్బో కావచ్చును. లోహం, బరువు, లిపి, చిహ్నాలు అన్నీ పొసగినప్పుడే నిర్ణయానికి రావాలి. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే, అది పోతపోసిన నకిలీ అని అనుమానించాలి.

రాగి చెంబును తోమినట్లు నాణేన్ని చింతపండుతో తోమరాదు. మెరుపు వస్తుంది, అక్షరం పోతుంది. అంతకంటె పెద్ద నష్టం, అది దొరికిన చోటు మరుగునపడడం. చిముకుని నాణెం కోటిలింగాలలో దొరికినందువల్లనే ఈ ప్రాంత చరిత్రకు సాక్ష్యమైంది. అదే నాణెం ఊరు పేరు లేక అంగడిలో కనిపించి ఉంటే, రాజు పేరు చెప్పేదే గాని రాజ్యం జాడ చెప్పేది కాదు. భూమిలో దొరికిన నిధిని గురించి, దాని విలువ పది రూపాయలు మించితే, కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నిర్దేశించింది. నాణేన్ని దాచుకొన్నవాడు లోహాన్ని మాత్రమే కాపాడుతాడు; దాని తావును నమోదు చేసినవాడు చరిత్రను కాపాడుతాడు.