మీకు తెలుసా? జట్టు గెలుస్తోంది, జనం మాత్రం రావట్లేదు!

ఇలా కాస్త దగ్గరికి జరగండి, ఒక వింత చెబుతాను! జట్టు గెలుస్తుంటే జనం ఎగబడి వస్తారనుకుంటాం కదా? అమెరికాలోని ఫ్లోరిడాలో టాంపా బే రేస్ అని ఒక బేస్‌బాల్ జట్టుంది. 2023లో ఒక్క సీజన్‌లోనే 99 మ్యాచ్‌లు గెలిచింది! అయినా సొంత స్టేడియం బోసిపోయింది! ఎందుకో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు!

ఎంత బోసిపోయిందంటారా? ఆ ఏడాది అక్టోబరు 3న టెక్సాస్ రేంజర్స్‌తో ప్లేఆఫ్ మొదటి మ్యాచ్. ఊరు ఊరంతా కదిలి రావలసిన రోజు! హాజరు లెక్క 19,704! కరోనా కాలం నాటి 2020ని పక్కన పెడితే, 1919 తర్వాత ప్లేఆఫ్ మ్యాచ్‌కి ఇంత తక్కువ జనం మళ్లీ అప్పుడే! నూరేళ్లు దాటిపోయింది మరి!

పోనీ ఆ సీజన్ చప్పగా మొదలైందా? లేదు లేదు! మొదటి రోజు నుంచి వరుసగా 13 విజయాలు! 1900 తర్వాత ఆరంభంలోనే అన్ని గెలిచిన జట్లు అంతకుముందు రెండే రెండు! ఇంకేం కావాలి చెప్పండి?

ఇదేమీ ఆ ఒక్క ఏటి ముచ్చట కాదండోయ్! 2010 సెప్టెంబరు. రేస్ జట్టు ప్లేఆఫ్ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకొక్క అడుగు! ఆ రాత్రి గ్యాలరీల్లో ఉన్నది 12,446 మంది! స్టార్ ఆటగాళ్లు ఇవాన్ లాంగోరియా, డేవిడ్ ప్రైస్ ఉండబట్టలేకపోయారు. జనం రావట్లేదన్న బాధ పైకే చెప్పేశారు! గెలిచే ఆటగాళ్లకి అంతకంటే మనసు కష్టపెట్టే సంగతి ఏముంటుంది!

అప్పుడు యాజమాన్యం ఏం చేసిందో తెలుసా? సీజన్‌లో చివరి సొంత మ్యాచ్‌కి 20,000 టికెట్లు ఉచితంగా ఇచ్చేసింది! అంతే! స్టేడియం కిటకిటలాడిపోయింది! అంటే జట్టు మీద ఇష్టం లేక కాదన్నమాట! మరి మామూలు రోజుల్లో వాళ్లని ఇంట్లో కట్టిపడేస్తున్నదేమిటి?

మొదటి రహస్యం నీళ్లలో ఉంది! జట్టు పేరులో టాంపా ఉంది. స్టేడియం మాత్రం టాంపాలో లేదు! అఖాతానికి అవతలి ఒడ్డున, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది! టాంపా నడిబొడ్డు నుంచి 30 కిలోమీటర్ల పైనే! పెద్ద పెద్ద ఆఫీసులు ఇవతల, ఆట అవతల!

ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చూడండి. సాయంత్రం ఆఫీసులు వదులుతారు. ఏడు గంటలకి అటూ ఇటూగా మ్యాచ్. మధ్యలో హోవార్డ్ ఫ్రాంక్‌లండ్ వంతెన, సుమారు 5 కిలోమీటర్లు! కార్ల వెనక ఎర్ర లైట్లు బారులు తీరి ఉంటాయి. రెండు వైపులా నీళ్లే. వెనక్కి తిప్పుకుందామన్నా దారి లేదు! అఖాతం దాటించే రైలూ లేదు! ఇలా మంగళవారం వెళ్లి, రాత్రి పొద్దుపోయాక ఆట ముగిసి, మళ్లీ అదే వంతెన మీద ఇంటికి! తెల్లారితే పిల్లలకి బడి! ఇక టీవీ ముందు కూర్చున్నవాళ్లని తప్పుపట్టగలమా?

 

ఇంకో వింత! ఈ స్టేడియం కట్టింది 1990లో. అందులో ఆడే జట్టు అప్పటికి పుట్టనే లేదు! కట్టిపెడితే ఏదో ఒక జట్టు రాకపోతుందా అని ఊరివాళ్ల ఆశ! రేస్ జట్టు వచ్చి ఆట మొదలుపెట్టింది 1998లో! ఎనిమిదేళ్లు ఎదురుచూసింది ఆ భవనం!

లోపల కూడా వింతలే! పైన గుండ్రటి కప్పు. కప్పు కింద ఇనుప నడక దారులు, రింగుల్లా వేలాడుతూ! బంతి ఎగిరి వెళ్లి వాటికి తగులుతుంది! ఏ రింగుకి తగిలితే ఏం ఇవ్వాలో ప్రత్యేకంగా రూల్సే ఉన్నాయి! గోడ వెనక 10,000 గ్యాలన్ల నీటి తొట్టి. అందులో బతికున్న టేకు చేపలు! చేయి పెట్టి తాకవచ్చు! అభిమానులు ఆవు మెడలో కట్టే గంటలు తెచ్చి మోగిస్తారు! ఉన్న కొద్దిమందే కప్పు ఎగిరిపోయేంత గోల చేస్తారు!

రెండో రహస్యం మనసులో ఉంది! ఫ్లోరిడాకి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డారు. న్యూయార్క్ నుంచి వచ్చినవాళ్లు యాంకీస్ మనుషులు! బోస్టన్ నుంచి వచ్చినవాళ్లు రెడ్ సాక్స్ మనుషులు! పైగా పక్కనే క్లియర్‌వాటర్‌లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ జట్టు 1947 నుంచీ ఏటా వసంతంలో సాధన చేస్తోంది! తాత ఫిల్లీస్, నాన్న ఫిల్లీస్! మొన్న వచ్చిన రేస్ మీద మనవడికి ప్రేమ పుట్టాలంటే టైం పట్టదూ? పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా!

దానికి తోడు రేస్ తొలి అడుగులు తడబడ్డాయి! మొదటి పది సీజన్లలో 9 సార్లు డివిజన్‌లో ఆఖరి స్థానమే! పిల్లలు ఏ జట్టుకి మనసిస్తారో తేల్చుకునే వయసంతా ఆ ఓటముల్లోనే గడిచిపోయింది!

ఆ మరుసటి ఏడే అద్భుతం! 2008లో ఏకంగా లీగు తుది పోరు వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది! అది కూడా ఎంత జీతాల బిల్లుతో? మొత్తం జట్టుకి 4.4 కోట్ల డాలర్లలోపే! మొత్తం లీగులో అంతకంటే తక్కువ ఖర్చు పెట్టిన జట్టు ఒక్కటే! ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈ కుర్రాళ్లు రచ్చ గెలిచేశారు, ఇంట్లోవాళ్లని కదిలించడమే కష్టమైంది!

మరో లెక్క వినండి! బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకి సీజన్‌లో సొంతగడ్డ మీద 81 మ్యాచ్‌లు! మన సన్‌రైజర్స్‌కి ఐపీఎల్‌లో సొంత లీగ్ మ్యాచ్‌లు మహా అయితే ఏడు! ఏడంటే ఎలాగైనా ఒక్కటి చూడాలని ఆరాటం! అన్ని ఉంటే? రేపు చూద్దాంలే, ఎల్లుండి చూద్దాంలే! ఆ రేపు అలా జరుగుతూనే ఉంటుంది!

ఖాళీ కుర్చీలు చూడలేక 2019లో ఏం చేశారో తెలుసా? పై అంతస్తు గ్యాలరీనే మూసేశారు! స్టేడియం 25,000 సీట్లకి కుదించుకుపోయింది! అప్పటికి బేస్‌బాల్ మేజర్ లీగ్ మొత్తంలో అతి చిన్నది!

ఇది అసలు నమ్మరు! సగం మ్యాచ్‌లు ఫ్లోరిడాలో, సగం మ్యాచ్‌లు కెనడాలోని మాంట్రియల్‌లో ఆడదామని కూడా ఆలోచించారు! రెండూళ్ల మధ్య దూరం 2,000 కిలోమీటర్ల పైనే! అన్నట్టు, మాంట్రియల్‌కి ఒకప్పుడు సొంత జట్టుండేది. జనం రావట్లేదనే అదీ వెళ్లిపోయింది! ఈ పథకానికి లీగు 2022 జనవరిలో తలుపులు మూసేసింది. నన్నడిగితే మంచి పనే చేసింది! సగం జట్టుని ఎవరు మనసారా ప్రేమిస్తారు?

ఇవి చాలవన్నట్టు 2024 అక్టోబరు 9న మిల్టన్ తుపాను వచ్చింది. స్టేడియం కప్పు చీలికలు పేలికలైపోయింది! 2025 సీజన్ ఎక్కడ ఆడాలి? చివరికి టాంపాలోనే సుమారు 11,000 సీట్ల చిన్న మైదానం దొరికింది! అది ఎవరిదనుకున్నారు? బద్ధ ప్రత్యర్థి యాంకీస్ వసంత సాధన మైదానం! పేరు కూడా యాంకీస్ దివంగత యజమాని స్టైన్‌బ్రెన్నర్‌దే!

ఇదంతా రేస్ ఒక్క జట్టు తలరాతే అనుకుంటున్నారా? కాదు! ఓక్లాండ్ అథ్లెటిక్స్ 1972, 73, 74లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది! మూడో కప్పు గెలిచిన ఏడాది సీజన్ మొత్తానికి వచ్చింది 8,45,693 మంది! మ్యాచ్‌కి పదివేల చిల్లర! సుమారు 50,000 మంది పట్టే స్టేడియంలో!

అక్కడితో ఆగలేదు! ఆ స్టార్లంతా చెల్లాచెదురైపోయారు. 1979 ఏప్రిల్ 17న అదే ఓక్లాండ్‌లో మ్యాచ్‌కి టికెట్ కొన్నవాళ్లు 653 మంది! మన ఊళ్లో ఓ మోస్తరు పెళ్లికి అంతకంటే ఎక్కువమంది వస్తారు!

క్లీవ్‌లాండ్ కథ ఇంకా చిత్రం! 1995 నుంచి 2001 దాకా వరసగా 455 మ్యాచ్‌లు హౌస్‌ఫుల్! ఇసుక వేస్తే రాలనంత జనం! ఆ సంఖ్యని అభిమానుల గౌరవార్థం జెర్సీ నంబరుగా రిటైర్ చేశారు! కొత్త స్టేడియం, మంచి జట్టు. పైగా కొన్నేళ్లు ఊళ్లో ఫుట్‌బాల్ జట్టే లేదు! జనం జేబులన్నీ బేస్‌బాల్‌కే!

అదే క్లీవ్‌లాండ్ 2016లో వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్ దాకా వెళ్లింది. 30 జట్లలో సీజన్ హాజరు ఎన్నో స్థానం? 28వది!

అట్లాంటా బ్రేవ్స్‌దయితే గెలుపు మీద గెలుపు! సమ్మెతో ఆగిపోయిన 1994ని వదిలేస్తే 1991 నుంచి 2005 దాకా వరసగా 14 డివిజన్ టైటిళ్లు! అయినా ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో ఖాళీ కుర్చీలు! ఏటా పండగ భోజనమే అయితే ఆకలి ఎక్కడుంటుంది? చివరికి 2017లో జట్టు టికెట్లు ఎక్కువగా కొనే ఉత్తరపు శివార్లకే తరలిపోయింది! అక్కడ జనమే జనం!

ఈ విసుగు గురించి సైమన్ రాటెన్‌బర్గ్ అనే ఆర్థికవేత్త 1956లోనే రాశారు! ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే జనం తగ్గిపోతారని ఆయన మాట! ఆట రుచంతా ఆ ఉత్కంఠలోనే ఉంది మరి!

ఆయనకంటే ముందే, అథ్లెటిక్స్ ఇంకా ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో, దాని మేనేజర్ కోనీ మ్యాక్‌కి అది తెలిసొచ్చింది! 1914లో ఆయన అథ్లెటిక్స్ జట్టు లీగు చాంపియన్. చూడవచ్చిన జనం ఏడాది మొత్తానికి 3,46,641! అంతకుముందు ఏడాదికంటే రెండు లక్షలకు పైగా తక్కువ! పోటీగా ఇంకో కొత్త లీగు పుట్టి ఆటగాళ్లకి ఎక్కువ జీతాలు చూపిస్తోంది. వెంటనే జట్టు చెదిరిపోయింది! మరుసటి ఏడు ఆఖరి స్థానం!

చరిత్రాత్మక రోజుల్లోనూ ఇదే తంతు! 1961 అక్టోబరు 1. యాంకీస్ ఆటగాడు రోజర్ మారిస్ ఆ సీజన్‌లో 61వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటేశాడు! స్టేడియంలో ఉన్నది 23,154 మంది! సగం కూడా నిండలేదు! కుడివైపు గ్యాలరీ మాత్రం కిక్కిరిసిపోయింది! ఎందుకంటే బంతి పడేది అక్కడే, ఆ బంతి పట్టినవాడికి బహుమతి ఉంది మరి!

1951 సంగతి వింటే అయ్యో అంటారు! న్యూయార్క్ జెయింట్స్, బ్రూక్లిన్ డాడ్జర్స్ మధ్య తేల్చుకునే మ్యాచ్! చివరి ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ హోమ్ రన్‌తో జెయింట్స్ గెలిచింది! ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు! కళ్లారా చూసింది 34,320 మంది! ఇంకో ఇరవై వేల మందికి చోటుండగానే! మిగతావాళ్లంతా రేడియో దగ్గర, టీవీ దగ్గర!

అన్నింటికంటే చిన్న వరల్డ్ సిరీస్ జనం ఎంతో తెలుసా? 1908, డెట్రాయిట్. 6,210 మంది! ఆ రోజు కప్పు గెలిచింది షికాగో కబ్స్! అంతమందికే దక్కిన ఆ దృశ్యం మళ్లీ 2016 దాకా ఎవరికీ దక్కలేదు!

ఇక చివరి వింత! ఫ్లోరిడాలో ఇంకో జట్టుంది, మార్లిన్స్. రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన జట్టే! దానికీ ఖాళీ గ్యాలరీల బెడదే! 2010 మే 29న దాని సొంత మైదానంలో ఫిల్లీస్ పిచర్ రాయ్ హాలడే పర్‌ఫెక్ట్ గేమ్ విసిరాడు! 27 సార్లు బ్యాట్ పట్టి ఎవరొచ్చినా వచ్చినట్టే అవుట్ చేసి పంపేశాడు! మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టేన్ని!

మరి ఆ మ్యాచ్ టికెట్లు చాలా మిగిలిపోయాయి కదా? మార్లిన్స్ ఏం చేసిందో తెలుసా? మ్యాచ్ అయిపోయాక, ఫలితం లోకమంతా తెలిశాక, ఆ మిగిలిన టికెట్లని అసలు ధరకే అమ్మకానికి పెట్టింది! అభిమానులు జ్ఞాపకంగా దాచుకోవడానికి కొన్నారు! ఒకటో రెండో కాదు, వేలకు వేలు!